గడ్డికి యూరియా, గునుగుకు గడ్డిమందు

ఇంటి ముందర లాన్ పెంచడానికి నీళ్ళూ ఎరువూ పోస్తున్న ఊళ్ళే బతుకమ్మ పూలను బజారులో కొనుక్కుంటున్నాయి. ఆ జాగాలో కొంత బీడుగా వదిలితే ఏమవుతుంది?

డిచ్‌పల్లి దాటి 44వ జాతీయ రహదారి మీద ఆర్మూర్ వైపు పోతుంటే జక్రాన్‌పల్లి మండలంలో రెండు రకాల పచ్చదనం పక్కపక్కనే కనిపిస్తుంది. ఒకటి ఫంక్షన్ హాళ్ళ ముందు, ఫామ్‌హౌసుల గేట్ల లోపల, గల్ఫ్ సంపాదనతో కట్టుకున్న ఇళ్ళ ముంగిట్లో అంగుళం ఎత్తున సమంగా కత్తిరించిన లాన్. రెండోది వెంచర్లలోని ఖాళీ ప్లాట్లు. విమానాశ్రయం వస్తుందన్న మాట ఈ ప్రాంతంలో ఏళ్ళుగా వినబడుతోంది. ఆ మాట మీద చెలకలు ప్లాట్లయ్యాయి. హద్దురాళ్ళు పాతారు, మట్టిరోడ్లు వేశారు. కొన్నవాళ్ళు దుబాయిలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. నాగలీ రాదు, మందు కొట్టేవాళ్ళూ రారు. మిరుగం వానలు పడగానే ఆ ప్లాట్లలో తుమ్మి, ఉత్తరేణి, తగిరిస, గరిక మొలుస్తాయి. భాద్రపదం వచ్చేసరికి గునుగు నడుము ఎత్తుకు లేచి తెల్లగా, గులాబి రంగు కొసలతో పూస్తుంది. మొరం కుప్పల మీద తంగేడు పచ్చగా విచ్చుకుంటుంది.

లాన్‌కు డబ్బు ఖర్చవుతోంది. ఖాళీ ప్లాటుకు పైసా ఖర్చు లేదు. అయినా పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చడానికి పూలు కావాలంటే ఆడవాళ్ళు వెళ్ళేది ఆ ఖాళీ ప్లాట్లకే. దొరకనివాళ్ళు నిజామాబాద్ బజారులో గునుగు కట్టలు కొనుక్కొస్తారు. పొలం గట్టు మీద తెంపుకొచ్చే పువ్వుకు ధర కట్టే రోజు వచ్చింది. గునుగును ఎవరూ విత్తలేదు, ఎవరూ ఎరువు వేయలేదు. మనం చేయాల్సిందల్లా దాని నేలను దానికి వదలడం. అదొక్కటీ చేయలేకపోయాం.

ఆ నేల ఎలా పోయిందో ఈ పక్క రైతులకు తెలుసు. ఊరికి బంచరాయి ఉండేది, చెరువుకు శిఖం ఉండేది, రెండు కమతాల మధ్య ఎడ్లబండి పోయేంత గట్టు ఉండేది. బంచరాయి పంపకాల్లోనో ఆక్రమణల్లోనో చిక్కిపోయింది. ట్రాక్టరుకు అడ్డమని గట్టు సన్నబడింది. మిగిలిన మూరెడు గట్టు మీద కలుపు తీయడానికి కూలీలు దొరక్క గడ్డిమందు కొడుతున్నారు. గ్లైఫోసేట్ ఏ మొక్క మీద పడినా దాన్ని వేరుదాకా చంపుతుంది. పంటకు అడ్డమయ్యే తుంగకూ, అడ్డంకాని తుమ్మికీ దానికి తేడా తెలియదు. ఆ మందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. గట్ల మీద పిచికారీ మాత్రం ఆగలేదు. గట్టు మాడ్చడానికి కొట్టే మరో మందు పారాక్వాట్. అది మనిషి కడుపులోకి పోతే విరుగుడు లేదు. అలాంటి సీసా ఇంటి చూరులో ఉండటమే ప్రమాదం.

గట్టు మీద గడ్డిని చంపడానికి డబ్బు పెడుతున్న ఇదే ప్రాంతంలో ముంగిట్లో గడ్డిని పెంచడానికీ డబ్బు పెడుతున్నాం. “గడ్డి పీకుతందుకు కూలి ఇస్తం గని పెంచుతందుకు ఇచ్చుడేంది బిడ్డా” అని ముసలివాళ్ళు ఆశ్చర్యపోతే, దానికి నిజంగానే సరైన జవాబు లేదు.

లాన్ ఎంత తాగుతుంది?

కడియం నర్సరీల నుంచి చాపల్లా చుట్టి లారీల్లో వచ్చే కొరియన్ గడ్డి అయినా, విత్తనంతోనో వేర్ల ముక్కలతోనో వేసుకునే గరిక రకాలైనా, ఎండాకాలంలో పచ్చగా నిలవాలంటే రోజూ నీళ్ళు కావాలి. రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇస్తున్నామనుకుందాం. ఏప్రిల్, మే ఎండలకు అది పెద్ద లెక్కేమీ కాదు. గజం జాగాకు నాలుగు లీటర్ల పైచిలుకు, 200 గజాల లాన్‌కు రోజుకు 830 లీటర్లకు పైగా పడుతుంది. మిషన్ భగీరథ కింద పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు అని లెక్క కట్టారు. ఎనిమిది మంది నీళ్ళు ఒక ముంగిలి గడ్డి తాగుతోంది. బోరు మనదే కదా అనవచ్చు. కానీ ఆ బోరు తోడే నీళ్ళు పక్క చెలకలోని పసుపు తడిపే నీళ్ళతో ఒకే పొరలో ఉంటాయి. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. దానికీ ఇదే భూగర్భ జలం ఆధారం.

ఇక ఎరువు. గడ్డికి కావలసింది ముఖ్యంగా నత్రజని. యూరియాలో అది 46 శాతం. చదరపు మీటరుకు పది గ్రాముల చొప్పున చల్లినా 200 గజాలకు ఒకసారికి కిలోన్నర దాటుతుంది. చల్లిన వారానికి గడ్డి ముదురాకుపచ్చకు తిరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ వెంటనే ఏపుగా పెరుగుతుంది. పెరిగింది కాబట్టి కోయాలి. కోసిన గడ్డిని సంచుల్లో ఎత్తి బయట పారేస్తారు. గడ్డి పీల్చుకున్న నత్రజని దానితోపాటే పోతుంది. నేల మళ్ళీ ఆకలిగొంటుంది, మళ్ళీ యూరియా. ఎండలో చల్లి నీళ్ళు పెట్టకపోతే అందులో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ఎక్కువ నీళ్ళు పెడితే నైట్రేటుగా కిందికి దిగి, అదే ఇంటి బోరులోకి చేరే దారి వెతుక్కుంటుంది. తాగే నీళ్ళలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. లాన్ మధ్యలోనే బోరు వేసుకున్నవాళ్ళు ఏడాదికోసారి ఆ నీళ్ళు పరీక్ష చేయించుకుంటే మంచిది.

2025 వానకాలం ఎవరూ మరిచిపోలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తెలంగాణ అంతటా యూరియా దొరక్క రైతులు సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాశారు. 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తోందంటే, అసలు ఖర్చులో పెద్ద వాటాను ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తోంది కాబట్టే. అది పంట కోసం ఇచ్చే సబ్సిడీ. పక్కదారి పట్టకూడదనే 2015 నుంచి మొత్తం యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఒక ఇంటి లాన్ తినే కిలోన్నరతో రైతు కరువు తీరదు. అది నాకూ తెలుసు. కానీ ఎవరూ కాలు పెట్టని గడ్డి కోసం ఆ బస్తా విప్పాలంటే చేయి ఆగాలి.

కాళ్ళు నడిచే గడ్డి, నడవని గడ్డి

లాన్ ఎక్కడా ఉండకూడదని నేను అనను. నిజామాబాద్‌కు దగ్గర్లో 1931లో కట్టిన అలీసాగర్ జలాశయం పక్కన ఉద్యానవనం ఉంది. ఆదివారం పిల్లలు అక్కడి పచ్చిక మీద దొర్లుతారు, కుటుంబాలు సద్ది విప్పుకుని కూర్చుంటాయి. కాళ్ళ కింద నలిగినా తట్టుకుని లేచే గుణం పొట్టిగడ్డికే ఉంది, గునుగుకు లేదు. వందల మంది కూర్చునే చోట పచ్చిక న్యాయమైన ఖర్చే.

అమెరికాలో నెవాడా రాష్ట్రం ఈ తేడాను ఏకంగా చట్టంలో పెట్టింది. లాస్ వేగాస్ ఎడారి ఊరు. కొలరాడో నది మీద బతుకుతోంది. ఆ నది తగ్గిపోతుంటే 2021లో చట్టం చేశారు: రోడ్డు మధ్యల్లో, ఆఫీసుల ముందర, అలంకారానికి తప్ప ఎవరూ వాడని గడ్డికి 2027 మొదలు ఆ నది నీళ్ళు పెట్టకూడదు. ఆటస్థలాలకూ పార్కులకూ అడ్డులేదు. విడి ఇళ్ళనూ మినహాయించారు. గడ్డిని చూడొద్దు, గడ్డి మీద ఎవరు నడుస్తున్నారో చూడమన్నారు. మన ఫంక్షన్ హాళ్ళ ముందరి లాన్‌కు ఈ కొలత పెడితే, పెళ్ళిళ్ళ రోజుల్లో నలుగురు నిలబడే భాగం మిగులుతుంది. ఫామ్‌హౌసులో గేటు నుంచి గోడ దాకా పరిచినదానిలో చాలా భాగం మిగలదు.

లాన్ మనకు అందంగా తోచడానికి అది పుట్టిన చోటు వేరు కావడం ఒక కారణం. ఏడాది పొడుగునా సన్నటి జల్లు పడే ఇంగ్లండ్‌లో గడ్డి నీళ్ళు పోయకుండానే పచ్చగా ఉంటుంది. అక్కడ దొరల బంగళాల ముందర దాన్ని గొర్రెలు మేసేవి, కొడవళ్ళతో కోసేవారు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డికోత యంత్రానికి పేటెంటు తీసుకున్నాక మామూలు ఇళ్ళకూ లాన్ దిగింది. అమెరికాలో అది వీధి మర్యాద అయింది. 2005లో నాసా శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వేసిన అంచనా ప్రకారం ఆ దేశంలో పచ్చిక దాదాపు 1,63,800 చదరపు కిలోమీటర్లు. మన రాష్ట్రం మొత్తం విస్తీర్ణం 1,12,077. అక్కడ స్థిరపడిన మన పిల్లల్లో చాలామంది, గడ్డి కాస్త ఎత్తు పెరిగితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చే చోట్ల ఉంటున్నారు. ఆ పట్టు కూడా సడలుతోంది. ఇంటి ముందర తేనెటీగలకూ పిట్టలకూ పనికొచ్చే మొక్కలు పెంచుకునేవాళ్ళను కాలనీ సంఘాలు అడ్డుకోకుండా మేరీల్యాండ్ 2021లో చట్టం చేసింది. జక్రాన్‌పల్లి నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలోనూ తోటపని చేసినవాళ్ళున్నారు. ఇసుకలో పచ్చిక నిలబెట్టాలంటే ఎన్ని పైపులు, ఎన్ని నీళ్ళు, ఎంత చాకిరీ కావాలో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ కష్టాన్నే తెచ్చి ఇక్కడ ముంగిట్లో పెట్టుకోవాలా? ఇక్కడి నేల ఎడారి కాదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడుతుంది. వానకాలం పచ్చదనం ఉచితంగా వస్తుంది.

ఎరువు వేస్తే పూలు పోతాయి

ఇప్పుడు అసలు విషయం. నేల బలంగా ఉంటే అన్నీ బాగా పెరుగుతాయని రైతు బుద్ధి చెబుతుంది. పంట విషయంలో అది నిజం. పూలబీడు విషయంలో దానికి పూర్తిగా ఎదురు.

దీన్ని 1856 నుంచి కొలుస్తున్న చోటు ఒకటుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే ఇద్దరు ఒక పాత గడ్డినేలను మడులుగా విడదీశారు. ఏ మడికి ఏ ఎరువు వేస్తే ఎండుగడ్డి ఎంత పెరుగుతుందో చూడాలన్నదే వాళ్ళ ఉద్దేశం. దిగుబడి తేడా వచ్చింది. దాంతోపాటు వాళ్ళు వెతకని సంగతి ఇంకొకటి బయటపడింది. మడి మడికీ మొక్కలే మారిపోయాయి. ఆ ప్రయోగం నేటికీ నడుస్తోంది. ఏ ఎరువూ ఎరగని మడుల్లో 40 దాకా మొక్క జాతులు కలిసి బతుకుతున్నాయి. అమ్మోనియం సల్ఫేట్ ఏటా దండిగా పడి, సున్నం పడని మడుల్లో రెండు మూడు జాతుల గడ్డి తప్ప ఏమీ మిగలలేదు.

కారణం తెలుసుకుంటే మన గట్టూ అర్థమవుతుంది. నత్రజని దండిగా దొరికితే దాన్ని అందరికంటే వేగంగా పీల్చుకునే ఒకటి రెండు రకాల గడ్డి పైకెక్కి, కింద వెలుతురు రానివ్వదు. చిన్నమొక్క మొలకలోనే చస్తుంది. ఆ పైన అమ్మోనియా ఎరువు ఏళ్ళ తరబడి నేలను పులుపెక్కిస్తుంది. ఆ పులుపును తట్టుకునేవే నిలుస్తాయి. నేల పేదగా ఉంటే ఎవరూ ఎవరినీ తొక్కలేరు. అందరికీ కాస్త జాగా దొరుకుతుంది. తంగేడు మొరం గుట్టల మీదే ఎందుకు విరగబూస్తుందంటే అక్కడ దాన్ని మించి పెరిగేవి లేవు. యూరియా తినే లాన్ పక్కన రెండడుగులు వదిలి ‘పూలమొక్కలు రావడం లేదేం’ అంటే రావు. బీడు కావాలంటే మొదటి పని ఎరువు ఆపడం. అది ఏ ఖర్చూ లేని పని కూడా.

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ వెనక 1772 నుంచి కత్తిరిస్తూ వచ్చిన పేరుమోసిన లాన్ ఉంది. అందులో ఒక భాగాన్ని ఈ మధ్యే పూలబీడుగా మార్చారు. 2023లో ఆ పరిశీలన ప్రచురించారు. పక్కనున్న లాన్‌తో పోలిస్తే బీడులో మొక్కలు, సాలీళ్ళు, పురుగుల జాతులు మూడు రెట్లకు పైగా ఉన్నాయి. రెండున్నర శతాబ్దాల గౌరవం ఉన్న గడ్డినే వాళ్ళు వదులుకోగలిగారు.

రాష్ట్ర చిహ్నాలు బీడు మీదివే

2014 నవంబరులో తెలంగాణ తన చిహ్నాలను ప్రకటించింది: పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు, తంగేడు పువ్వు. ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు దట్టమైన అడవి కనిపించదు. మధ్య మధ్య చెట్లున్న బయలు కనిపిస్తుంది. పాలపిట్ట కరెంటు తీగ మీదో ఎండుకొమ్మ మీదో కూర్చుని కింద గడ్డిలో కదిలే మిడతను, పేడపురుగును చూసి దూకుతుంది. మిడతలు లేని లాన్ దానికి ఎండిన చెరువుతో సమానం. జమ్మి ఎండకు ఓర్చుకుని బయళ్ళలో నిలిచే చెట్టు. జింక గడ్డి మేసి బతుకుతుంది. తంగేడు సంగతి చెప్పనే అక్కర్లేదు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి పోతాం, జమ్మికి మొక్కుతాం. ఆ ‘ఊరి బయట’ను మాత్రం పనికిరాని భూమి కింద రాసుకుంటాం. గడ్డిబయళ్ళను కాగితాల మీద బంజరుగా లెక్కించే అలవాటు మన దేశంలో పాతుకుపోయింది. బంజరు అన్నాక దాన్ని బాగు చేయాలనిపిస్తుంది. బాగు చేయడం అంటే జేసీబీ.

తంగేడు, తగిరిస ఆకుల మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గడ్డి గింజల కోసం జీనువాయి పిట్టలు గుంపులుగా దిగుతాయి. తేనెటీగల మాటయితే నేరుగా మన వంటింటికి సంబంధించింది. పెరట్లోని బీర, సొర, కాకర, గుమ్మడి తీగలకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీద వాలితేనే కాయ. పిందెలు పండుబారి రాలిపోతున్నాయని మందు కొట్టేముందు, ఇంటి చుట్టూ ఈగ వాలే పువ్వు ఇంకేదైనా ఉందేమో చూడాలి. వినాయక చవితి పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, విష్ణుక్రాంత, రేగు, జమ్మి వీటిలో దేన్నీ మనం నాటం. తుమ్మికూర పండుగ నాడు వండుకుంటాం. గంగవాయిలి, చెంచలి కూరలు చేనులో కలుపుగా మొలిచి, ఇంట్లో పప్పులో కలుస్తాయి.

పురుగు బూసి, కాంగ్రెస్ గడ్డి

బీడు అనగానే వచ్చే మొదటి భయం పురుగు బూసి. అది న్యాయమైన భయం. పాము ఎలుక కోసం వస్తుంది, ఎలుక గింజ కోసం, కట్టెల మోపు సందుల కోసం వస్తుంది. ఇంటి గోడ నుంచి పది అడుగుల మేర గడ్డి పొట్టిగా కోసి ఉంచాలి, నడిచే బాట వెడల్పుగా ఉండాలి, రాత్రి టార్చి తప్పనిసరి. చిన్నపిల్లలు ఆడుకునే పెరడు అయితే బీడును ప్రహరీ పక్కకే పరిమితం చేయాలి. దోమల భయం మాత్రం సగం అపోహ. దోమ నిలిచిన నీళ్ళలో పుడుతుంది. కూలరు, పాత టైరు, కొబ్బరిచిప్ప చూసుకోవాలి. రోజూ తడిపే లాన్‌లో నీళ్ళు నిలిచే గుంట ఉంటే అదీ చూసుకోవాలి.

అసలు శత్రువు కాంగ్రెస్ గడ్డి. వయ్యారిభామ అన్నా అదే. 1950ల్లో పుణె దగ్గర కనబడిన ఈ మెక్సికో మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు. చర్మం దద్దుర్లు, ఆయాసం తెస్తుంది. పశువు నోరు పెట్టదు. ‘వదిలేస్తే అదే వస్తుంది’ అని జేసీబీ పిలిచేవాళ్ళకు ఇదే పెద్ద సాకు. వదిలేయడం అంటే ముఖం తిప్పుకోవడం కాదని ఇక్కడే తెలుస్తుంది. మొదటి రెండేళ్ళు వానకాలంలో నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పూసిందంటే ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పీకిన చోటు ఖాళీగా ఉంచకూడదు, తగిరిస గింజలు చల్లాలి. గుంపుగా మొలిచి కమ్ముకునే తగిరిస జాతి మొక్కలు వయ్యారిభామను అణచగలవని పరిశోధనలు చూపించాయి. 1984 నుంచి మన దేశంలో వదిలిన మెక్సికన్ పెంకుపురుగు కూడా వానకాలంలో దాని ఆకులు తింటుంది. పిచికారీ కొడితే ఆ పురుగూ పోతుంది.

లాన్ ఉండి తీరాలనుకునేవాళ్ళకు ఒక మాట. గరిక వేసుకోండి. మే నెలలో అది ఎండి గోధుమరంగుకు తిరిగితే చచ్చిందనుకోవద్దు, నేల కింద దుంపవేరు బతికే ఉంటుంది. ఒక్క వానకు లేస్తుంది. ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ కోయకండి. కోసిన తుంపులు అక్కడే వదిలితే గడ్డికి కావలసిన నత్రజనిలో దాదాపు పావు వంతు వాటి నుంచే తిరిగొస్తుంది. మిగతాదానికి వానకాలం మొదట్లో చివికిన పశువుల పెంట పల్చగా చల్లితే చాలు.

మిగతా జాగా బీడుకు. చేయాల్సిన పని ఏడాదికి కొద్ది రోజులే, కానీ తేదీ తప్పకూడదు: కోత గింజ రాలాక, కార్తీకంలోనే. ఎరువు లేదు, నీళ్ళు లేవు, మందు లేదు. ఈ ఏడు గునుగు లేకపోతే, పండుగ తర్వాత ఎండిన కంకులను ఏ ప్లాటులోనో దులిపి, ఆ సన్నటి నల్ల గింజలను దాచి, మిరుగానికి ముందు గీకిన నేల మీద చల్లాలి. మట్టి కప్పనక్కర్లేదు. తంగేడు గింజ గట్టిది. ఒక రాత్రి వేడినీళ్ళలో నానేసి వేస్తే తొందరగా మొలుస్తుంది.

పడకల్, కలిగోట్, తొర్లికొండ ఏ ఊరైనా, పంచాయతీ చేతిలో ఇంతకన్నా పెద్ద జాగా ఉంటుంది. 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టారు. వెంచర్ వేసినప్పుడు పార్కుకని కొంత జాగా వదిలిస్తారు. చెరువు కట్టకు అవతలి వాలు ఉంది, బడి వెనక మూల ఉంది. వాటిలో ఒక్కో పక్కను గునుగుకూ తంగేడుకూ కేటాయించి, పారిశుధ్య సిబ్బందికి ఒకే ఒక్క సూచన ఇస్తే సరిపోతుంది: శుభ్రత పేరుతో బతుకమ్మకు వారం ముందు కోసేయొద్దు. సద్దుల బతుకమ్మ దాటి, గింజ రాలి, కాడ ఎండినాక కార్తీకంలో కోయాలి. ఎండాకాలం నిప్పు అంటుకోకుండా ఉండేందుకు ఆ కోత తప్పనిసరి కూడా. కోసినదాన్ని కాల్చొద్దు, అక్కడే కుళ్ళనీయొద్దు. కుళ్ళితే నేలకు బలం చేరి, పూల జాగాలోకి ముదురుగడ్డి వస్తుంది. బర్రెలున్న ఇళ్ళకు ముందురోజు చెబితే పొద్దున్నే కొడవళ్ళతో వచ్చి పనికొచ్చే గడ్డి మోపులు కట్టుకుపోతారు. మిగిలిన కాడలు ఎరువు గుంతలో వేస్తే చాలు.